సులేమానియా హాజరీ పుస్తకం

ఎర్తుగ్రుల్ సీరియల్ ఉర్దూలో మన ఇళ్లలోకి వచ్చినప్పటి నుంచి పిల్లలకు తుర్కీ అంటే ఒకటే మోజు. కత్తులు, గుర్రాలు, గుడారాలు, బొచ్చు టోపీలు. తారీఖ్ అంటే అదే అనుకుంటున్నారు. నన్నడిగితే ఆ ఉస్మానీ సల్తనత్ మనకు వదిలిపోయిన వాటిల్లో కత్తికన్నా విలువైన వస్తువు ఒకటుంది. అది ఒక ఇమారత్ కట్టేటప్పుడు రాసిన హిసాబ్ కితాబ్. ఎవరు పనికొచ్చారు, ఎన్ని రోజులొచ్చారు, ఎంత మజూరీ తీసుకున్నారు, సున్నం ఎక్కడినుంచి తెచ్చారు, పాలరాయి ఎక్కడ దొరికింది. ఇస్తాంబుల్‌లోని సులేమానియా మసీదు తాలూకు దఫ్తర్లు అవి.

నేను సైట్ల మీద బతికినవాణ్ణి. కొన్నేళ్లు ఇక్కడ, కొన్నేళ్లు గల్ఫ్‌లో, హాజరీ రాసే పనే చేశాను. టైమ్‌కీపర్ అని రాసేవాళ్లు కాగితాల్లో, మనవాళ్లు మాత్రం మున్షీ అనే పిలిచేవారు. అందుకే కాబోలు, ఎవరైనా పెద్ద ఇమారత్ ఫొటో చూపించి "మాషా అల్లా, ఏం కట్టారు!" అంటే నా దిమాగ్ ముందు వేరే చోటికి పోతుంది. ఎంతమంది కట్టారు? వాళ్లను ఎవరు పోగేశారు? వారం తిరిగేసరికి పైసలు ఎవరిచ్చారు?

తాజ్ మహల్ విషయంలో ఈ సవాల్ అడిగితే మనకు వినిపించే జవాబు తెలిసిందే. పని పూర్తయ్యాక షాజహాన్ కారీగర్ల చేతులు నరికించాడట. ఆ కాలంవాళ్లు రాసిన దేంట్లోనూ దీనికి సుబూత్ లేదు. అయినా టీ కొట్టు దగ్గర నుంచి టూరిస్టు గైడ్ దాకా అందరూ చెబుతూనే ఉంటారు. పని చేసినవాళ్ల పేర్లు జనానికి తెలియనప్పుడు ఆ ఖాళీలో ఇలాంటి అఫ్సానాలు పుట్టుకొస్తాయి. సులేమానియాకు ఆ బాధ తక్కువ. ఓమెర్ లుత్ఫీ బర్కాన్ అనే తుర్కీ తారీఖ్‌దాన్ ఆ దఫ్తర్లను ఏళ్ల తరబడి చదివి, లెక్కలు కూడి, 1972లో ఒకటి, 1979లో ఒకటి, రెండు పెద్ద సంపుటాలుగా అచ్చు వేయించాడు. కారీగర్ల పేర్లు, వాళ్ల ఊర్లు, వాళ్ల పని అన్నీ అందులో ఉన్నాయి.

ముందు పని గురించి చెప్పుకుందాం. సులేమాన్ సుల్తాన్ హుకుం మీద 1550లో పునాది పడింది. షేఖుల్ ఇస్లాం అబుస్సఊద్ ఎఫెందీ మెహ్రాబ్ వైపు మొదటి రాయి పెట్టాడు. మసీదు 1557లో తెరుచుకుంది. ఏడేళ్లు. ఒక్క మసీదే అయితే ఏడేళ్లు ఎక్కువ అనిపించవచ్చు. కానీ దాని చుట్టూ మదరసాలు, హదీసు చదువుకు వేరే దారుల్ హదీస్, తిబ్బీ మదరసా, దారుష్షిఫా, బీదలకు వండిపెట్టే వంటశాల, ముసాఫిర్లకు సరాయి, హమామ్ ఉన్నాయి. అంటే చిన్న బస్తీ. అదీ గోల్డెన్ హార్న్ నీళ్ల మీదికి వాలిన కొండ చరియ మీద. వాలు నేలను సమం చేయడానికి కింద కమానుల అరలు కట్టి, మెట్లు మెట్లుగా చబూత్రాలు లేపారు. పైన కనిపించే గుంబద్‌ను అందరూ ఫొటో తీస్తారు. దాని అడ్డుకొలత సుమారు 26.5 మీటర్లు, నేల నుంచి ఎత్తు సుమారు 53 మీటర్లు. ఆ బరువునంతా కిందికి దించే పని ఆ పునాదులదే. సైట్ మీద పనిచేసినవాళ్లకు తెలుసు, నేలలో పోయిన పైసా ఎవరి కంటికీ కనపడదు, సేట్ అడిగేది కూడా దాని గురించే.

దీని మేమార్ సినాన్. మేమార్ అన్నా ఇమారత్ అన్నా ఒకే అరబీ వేరు నుంచి వచ్చిన మాటలు. తుర్కీలో మిమార్ అంటారు. మనిషి కహానీ విచిత్రంగా ఉంటుంది. కైసెరీ దగ్గర అగిర్నాస్ అనే పల్లెలో ఒక ఈసాయి ఇంట్లో పుట్టాడు. దేవ్‌షిర్మే అని ఉస్మానీల రివాజ్ ఒకటుండేది. ఈసాయి పల్లెల నుంచి మగపిల్లల్ని తీసుకుపోయి, ముసల్మాన్లను చేసి, సర్కారు కొలువులో పెంచేవారు. తల్లిదండ్రుల రజామందీ ఎవరూ అడగలేదు. ఈ మాటను మెత్తగా చెప్పడం నాకిష్టం లేదు. అలా వచ్చిన పిల్లవాడు నజ్జార్ పని, అంటే వడ్రంగం, నేర్చుకున్నాడు. జానిసారీ సిపాయీ అయ్యాడు. బెల్గ్రేడ్, రోడ్స్, మొహాచ్, బగ్దాద్, అన్ని జంగులూ తిరిగాడు. వాన్ సరస్సు మీద పడవలు కట్టాడు. 1538లో మొల్దావియా దండయాత్రలో ప్రూత్ నది మీద వంతెన కుదరక అందరూ చేతులెత్తేస్తే పదమూడు రోజుల్లో కట్టించాడని అతని తజ్కిరాలో ఉంది. ఆ తర్వాతే సర్ మేమార్ కొలువు దొరికింది. అప్పటికి వయసు యాభైకి దగ్గర. అంతవరకు ఒక్క పెద్ద మసీదైనా కట్టని మనిషికి రాజధాని ఇమారత్‌ల జిమ్మేదారీ ఎందుకిచ్చారు? నాకు తోచిన జవాబు ఒకటే. ఫౌజులో అతను నేర్చింది నక్షా గీయడం ఒక్కటే కాదు. బురదలో, చలిలో, దుష్మన్ ఎదురుగా, చేతికందిన కలపతో, అలసిపోయిన మనుషులతో, చెప్పిన రోజుకు పని ముగించడం.

ఇప్పుడు ఇంతెజామ్ సంగతి. ఇక్కడే దఫ్తర్లు నాకు అబ్బురంగా అనిపిస్తాయి. మేమార్ చేతికి ఖజానా తాళం ఇవ్వలేదు. పైసల జిమ్మేదారీకి వేరే మనిషి, బినా ఎమీనీ. బినా అంటే కట్టడం, ఎమీన్ అంటే మన అమీన్, అమానత్ కాపాడేవాడు. అతని కింద కాతిబ్‌లు. మేమార్ 'ఇంత రాయి కావాలి, ఇంతమంది కావాలి' అంటాడు. అమీన్ తెప్పిస్తాడు, ఖర్చు చేస్తాడు, కాతిబ్ రాస్తాడు. ముగ్గురిలో ఏ ఒక్కడూ మిగతా ఇద్దరూ లేకుండా ఒక అక్చె, అంటే ఆనాటి వెండి నాణెం, కదిలించలేడు. మన దగ్గర ఇప్పటికీ మసీదు కమిటీల్లో నక్షా వేసేవాడు, చందా వసూలు చేసేవాడు, సిమెంటు కొనేవాడు, లెక్క రాసేవాడు అంతా ఒకే హాజీ సాబ్ అయి ఉంటాడు. ఆయన నియ్యత్ మంచిదే కావచ్చు. కానీ రేపు ఎవరో షక్ పడితే చూపించడానికి ఆయన దగ్గర ఏముంటుంది?

హాజరీ వారం లెక్కన రాశారు, మజూరీ వారం లెక్కన ఇచ్చారు. ఉస్తాదుకు రోజుకు ఇచ్చింది మామూలు కూలీకి ఇచ్చినదానికి సుమారు రెండింతలు. ఈ తేడా చూసి నాకు నవ్వొచ్చింది. మన ఊళ్లలో మేస్త్రీకీ కూలీకీ మధ్య తేడా ఈరోజుకీ దాదాపు అక్కడే ఉంది. మాటలు కూడా అవే. దఫ్తర్, కాతిబ్, హిసాబ్, అమీన్, వక్ఫ్. వాళ్ల ఉస్తా మన ఉస్తాద్. ఉస్తాకు కింద ఉండేవాణ్ణి వాళ్లు కల్ఫా అంటారు. అది ఖలీఫా అనే మాటే అరిగిపోయి అలా అయింది. మన దగ్గర దర్జీ దుకాణాల్లో పెద్ద కారీగర్‌ను ఖలీఫా అని పిలవడం విన్న పాతవాళ్లకు ఇది చెబితే తెగ ఖుష్ అవుతారు.

ఇక కట్టినవాళ్లు ఎవరు? బర్కాన్ లెక్కలో మొత్తం పని సుమారు 27 లక్షల రోజుల కూలి. ఒక మనిషి ఒక రోజు చేసిన పనిని ఒకటిగా లెక్కేస్తే వచ్చే అంకె అది. అందులో 55 శాతం మజూరీ తీసుకున్న ఆజాద్ మనుషులు చేసిన పని. 40 శాతం అజెమీ ఒగ్లాన్లది, అంటే దేవ్‌షిర్మేలో వచ్చి ఇంకా తర్ఫీదులో ఉన్న కుర్రాళ్లది. సినాన్ కూడా ఒకప్పుడు వాళ్లలో ఒకడే. మిగతా 5 శాతం గులాములది, జంగీ ఓడల్లో తెడ్లు వేసే ఖైదీలది. ఐదు శాతమే కదా అని తేలిగ్గా చెప్పేవాళ్లను చూశాను. 27 లక్షల్లో ఐదు శాతం అంటే లక్షకు పైగా రోజులు. అల్లా ఇంటికి ఆ రాళ్లు మోసినవాళ్లు తమ ఇష్టంతో మోయలేదు. గుంబద్ చూసి సుబ్‌హానల్లా అనే నోటితోనే ఈ మాటా చెప్పుకోవాలని నా అభిప్రాయం.

ఆ 55 శాతం 'ఆజాద్' అనే మాట కూడా పూర్తి ఆజాదీ కాదు. పనివాళ్లు కావలసినప్పుడు ఇస్తాంబుల్ నుంచి సూబాల ఖాజీలకు ఫర్మానాలు పోయేవి. ఫలానా చోట రాయి చెక్కేవాళ్లున్నారు, ఇంతమందిని పంపు అని. వద్దనే హక్కు వాళ్లకు లేదు. మజూరీ ఇస్తారు, నిజమే. కానీ మధ్యలో పారిపోకుండా ఒక్కొక్కరికీ జామీను నిలబడే మనిషి ఉండాలి. ఆ జామీనుకు వాళ్ల మాట కెఫీల్.

కఫీల్! గల్ఫ్ వెళ్లిన ఇల్లు ఉన్న మనవాళ్లకు ఈ మాట తర్జుమా చేసి చెప్పాలా? పాస్‌పోర్టు ఎవరి అల్మారాలో ఉంటుందో, సెలవు ఎవరి మూడ్ మీద ఆధారపడుతుందో ఆ మనిషి. రెండూ ఒకటే అనడం లేదు నేను. వాళ్ల కెఫీల్ పనివాడి తరఫున, సాధారణంగా అతని సొంత జనంలోంచి పూచీ ఇచ్చేవాడు, మన కఫీల్ పనిలో పెట్టుకున్న మాలిక్. కానీ రెండు చోట్లా మాట చేసే పని ఒకటే, మనిషి కాలు కదలకుండా చూడటం.

నేను హాజరీ రాసిన సైట్లలో ఒక దాంట్లో నాలుగు నెలలు మజూరీ ఆగింది. పేరు చెప్పను, ఇప్పుడు ఆ కంపెనీ ఉందో లేదో కూడా. ఆ నాలుగు నెలలూ రోజూ పొద్దున పనివాళ్లు వరసగా వచ్చి నా టేబుల్ ముందు నిలబడేవాళ్లు. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, పిల్లలు నానా అని పిలిచే వయసు, రోజూ అదే అడిగేవాడు: "మున్షీ సాబ్, నా హాజరీ పడ్డదా?" పడిందని చూపించేవాణ్ణి. చదువు రాదు, అయినా ఆ గడిలో గీత చూసి వెళ్లేవాడు. పైసలు రాకపోయినా గీత ఉంటే ఏనాటికైనా అడగొచ్చని అతని నమ్మకం. చివరికి లేబర్ కోర్టులో మాకు పనికొచ్చింది ఆ రిజిస్టరే. మూడు నెలలది వచ్చింది, నాలుగోది రాలేదు. మజూరీ గురించి మన హదీసు ఏం చెబుతుందో ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దాన్ని అమలు చేయడానికి మాత్రం రిజిస్టరు కావాలి.

సులేమానియాకు వద్దాం. బర్కాన్ లెక్కేసిన కారీగర్లు 3,523 మంది. అందులో 1,810 మంది ఈసాయిలు, 1,713 మంది ముసల్మాన్లు. సగానికి సగం, కాస్త మొగ్గు అటువైపే. గోడలు కట్టే రాతి మేస్త్రీల్లోనైతే ఈసాయిలే ఎక్కువ. సల్తనత్‌లోని అతి గొప్ప మసీదు. మెహ్రాబ్ రాయి పెట్టింది షేఖుల్ ఇస్లాం. గోడలు లేపింది ఎక్కువగా రూమీ, అర్మనీ చేతులు. ఇది చదివాక మన దగ్గర పాత దర్గాలు, మసీదులు కట్టిన మేస్త్రీల గురించి, మన ఆషూర్‌ఖానాల్లో పీర్లకు పని చేసే హిందూ కుటుంబాల గురించి ఆలోచించాను. ఎవరి ఇబాదత్‌గాహ్ ఎవరు కట్టాలి అనే బహస్ ఆ సైట్ మీద జరిగినట్టు లెక్కల్లో ఎక్కడా లేదు. ఉన్నదల్లా పేరు, ఊరు, పని, రోజులు.

సామాను పోగేయడం ఇంకో జంగు. ఇనుము బల్గేరియా కొండల్లోని సమాకోవ్ నుంచి, పలకలు ఇజ్నిక్ బట్టీల నుంచి, పాలరాయి సల్తనత్‌లోని పాత ఖండహర్లు వెతికి వెతికి. అన్నిటికన్నా తలనొప్పి నాలుగు పెద్ద ఏకశిలా స్తంభాలు. మసీదు లోపల ఎడమా కుడీ పక్కల కమానులను మోసేవి అవే. సినాన్ చెప్పిన ప్రకారం ఒకటి ఇస్కందరియా నుంచి, ఒకటి లెబనాన్ బాల్‌బెక్ నుంచి ఓడల మీద వచ్చాయి. ఒకటి సుల్తాన్ మహల్ ఆవరణలోనిది. ఇంకొకటి నగరంలోనే నిలబడి ఉన్న కిజ్‌తాషీ అనే పాత స్తంభం. దాన్ని దించడానికి పెద్ద ఓడల తెరచాప కొయ్యలతో అంతస్తులు అంతస్తులుగా పరంజా కట్టి, ఓడల మోకులతో బిగించి దించారని తజ్కిరాలో ఉంది. సముద్రం మీద ఓడ ఆలస్యమైతే కమాను ఆగుతుంది, కమాను ఆగితే పైన పని ఆగుతుంది. అలాగని వెయ్యిమందిని ఖాళీగా కూర్చోబెట్టి మజూరీ ఇవ్వలేరు. పక్కన మదరసాలు, దారుష్షిఫా, వంటశాల అన్నీ ఒకేసారి నడవడంలో సులువు ఇక్కడే ఉంది. ఒక చోట పని ఆగితే మనుషుల్ని ఇంకో చోటికి మళ్లించొచ్చు. సినాన్ ఇలా ఆలోచించే చేశాడని ఎక్కడా రాసి లేదు, నా సైట్ బుద్ధికి తోచింది చెబుతున్నా.

పైగా మాలిక్ ఊళ్లో లేడు. 1553లో సులేమాన్ ఇరాన్ మీదికి ఫౌజుతో వెళ్లాడు. ఆ దారిలోనే తన పెద్ద కొడుకు ముస్తఫాను గొంతు బిగించి చంపించాడు. 1555లో అమాస్యాలో సులహ్ అయ్యాకే తిరిగొచ్చాడు. దాదాపు రెండేళ్లు సుల్తాన్ లేకుండానే సైట్ నడిచింది. ఈ కాలం చుట్టూనే ఒక కహానీ అల్లుకుంది. వంద ఏళ్ల తర్వాత ఎవ్లియా చెలెబీ రాసిపెట్టాడు. సులేమాన్ దగ్గర పైసలు అయిపోయి పని ఆగిందని విని ఇరాన్ షా తహ్మాస్ప్ వెటకారంగా ఒక పెట్టె జవాహరాత్ పంపాడట. ఒళ్లు మండిన సుల్తాన్ ఆ రత్నాలన్నీ రాళ్లలో కలిపి మీనార్ కట్టమని సినాన్‌కు ఇచ్చేశాడట. ఒక మీనార్‌ను జవాహిర్ మీనార్ అనడం అందుకేనంటారు. వినడానికి మజా. నేను మాత్రం దీన్ని అఫ్వాహ్‌ల ఖాతాలో వేస్తాను. అయితే అఫ్వాహ్ కూడా ఒక సంగతి చెబుతుంది. పని లేటవుతోందని బజార్లో మాట్లాడుకునేవారన్నమాట.

అసలు గొడవ ఆఖర్లో వచ్చింది. సినాన్ ముసలితనంలో తన జీవితాన్ని దోస్తు, షాయర్ సాయీ ముస్తఫా చెలెబీకి చెప్పి రాయించాడు. అందులో ఈ ఘట్టం ఉంది. గుంబద్ నిలబడదని, మేమార్‌కు మతి చెడిందని, పని గాలికొదిలేశాడని దర్బారులో కొందరు చాడీలు మోశారు. సుల్తాన్ కోపంగా సైట్ మీదికి వచ్చాడు. సినాన్ అప్పుడు మెహ్రాబ్, మింబర్ పాలరాయి పని దగ్గరున్నాడు. ఎప్పుడు ముగుస్తుంది, చెప్పు, లేకపోతే నా ముత్తాత తన మేమార్‌ను ఏం చేశాడో తెలుసు కదా అన్నట్టు బెదిరించాడు. సినాన్ రెండు నెలలు అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఇతనికి నిజంగానే పిచ్చి అనుకున్నారు. సుల్తాన్ వెంట ఉన్నవాళ్లను గవాహ్‌గా పెట్టుకుని వెళ్లాడు. సినాన్ నగరంలో దొరికిన ప్రతి పనివాణ్ణీ పోగుచేసి, రాత్రింబవళ్లు చేయించి, రెండు నెలల్లో తాళంచెవి సుల్తాన్ చేతికిచ్చాడు. సుల్తాన్ దాన్ని తిరిగి సినాన్‌కే ఇచ్చి తలుపు నువ్వే తెరువు అన్నాడు.

దీన్ని కరామత్ లాగా చెబుతారు. నాకది కరామత్ కాదు, లెక్క. పని సగంలో ఉన్నప్పుడు పదివేల మందిని తెచ్చినా రెండు నెలల్లో గుంబద్ లేవదు. సున్నం ఆరడానికి దాని వక్త్ దానికి కావాలి, కింది రాయి పడకుండా పై రాయి పడదు. కానీ గుంబద్ మూసి, పరంజా దించాక మిగిలే పనులు వేరు. కిటికీల గాజు, పలకలు, రంగులు, తలుపులు, నేల చాపరాయి, రాత. ఇవి ఒకదాని కోసం ఒకటి ఆగనక్కర్లేదు. మనుషులు దొరికితే అన్నీ పక్కపక్కనే నడుస్తాయి. సినాన్ మాటిచ్చింది పని ఆ దశకు వచ్చాకే. ఏ పని మనుషుల్ని పెంచితే తొందరగా అవుతుందో, ఏది కాదో తెలిసినవాడు మాత్రమే కోపంగా ఉన్న మాలిక్ ముఖం మీద ఒక తారీఖు చెప్పగలడు. బయటివాళ్లకు మాత్రం పరంజా దిగేదాకా అంతా ఆగిపోయినట్టే కనిపిస్తుంది. దర్బారు చాడీలు అక్కడ పుట్టాయి.

మసీదు తెరిచాకా చుట్టుపక్కల ఇమారత్‌ల పని మరో ఏడాది రెండేళ్లు సాగింది. ఈలోగా సినాన్ దఫ్తర్‌లో వేరే నక్షాలు పరుచుకున్నాయి. సర్ మేమార్ కచేరీ అంటే ఒక్క మనిషి కాదు, అతని కింద మేమార్ల జమాత్ ఉండేది. గళ్ల కాగితం మీద నక్షా గీసి దూరపు సూబాలకు పంపేవారు, అక్కడ షాగిర్దులు కట్టించేవారు. సినాన్ పేరు మీద చెప్పే మూడు వందలకు పైగా కట్టడాల్లో ఎన్నింటినో అతను కళ్లతో చూసి ఉండడు. ఇది అతని గొప్పతనాన్ని తగ్గిస్తుందని కొందరు బాధపడతారు. నాకైతే అతని అసలు పనితనం ఇక్కడే కనిపిస్తుంది.

1588లో పోయాడు. సులేమాన్ మక్బరా మసీదు వెనక బాగ్‌లో ఘనంగా ఉంది, పక్కనే మలికా హుర్రెమ్‌ది. సినాన్ ఖబర్ ఆ ఆవరణ బయట, వీధి మూలన, తను ఉన్న ఇంటి జాగాలో. చిన్నది, మూలలో నీళ్ల సబీల్‌తో. రాయి మీద సాయీ రాసిన కత్బా ఉంది. అందులో పేరు పెట్టి చెప్పిన పనుల్లో ఒకటి మసీదు కూడా కాదు, ఇస్తాంబుల్‌కు పడమట 1567లో ముగిసిన బుయుక్ చెక్మెజె వంతెన. 636 మీటర్ల పొడవు, నీళ్ల మీద నాలుగు ముక్కలుగా కట్టింది. ఆ దారినే యూరప్ వైపు ఫౌజులు వెళ్లేవి. ఒకప్పుడు బురదలో వంతెనలు వేసిన జానిసారీ ఆఖరికి రాతితో వేసిన వంతెన అది. దాని మీద తన పేరు కూడా చెక్కించుకున్నాడు, యూసుఫ్ బిన్ అబ్దుల్లా అని.